లోహపు నురుగు – యంత్రపు చేప

ఇనుపగుండు నీటిలో మునుగును, బెండు తేలును. ఈ సంగతి పసిబిడ్డలకును తెలిసినదే. అల్యూమినియము గిన్నె కూడ నీరు నిండినచో అడుగునకు చేరును. కాని, ఆ అల్యూమినియముతోనే చేసిన దిమ్మె యొకటి బెండువలె నీటిపై తేలియాడుచుండినచో చూచువారికి ఆశ్చర్యము కలుగక మానదు. ఆ దిమ్మెను రంపముతో కోసి చూచినచో లోపల పులిసిన రొట్టెలోవలె గుల్లలు గుల్లలుగా కనబడును. దానినే లోహపు నురుగు అందురు.

ఇట్టిదే మరియొక వింత కలదు. అద్దపు గోడలుగల తొట్టిలో నీరు వేగముగా ప్రవహించుచుండును. ఆ ప్రవాహమునకు ఎదురుగా జానెడు పొడవుగల చేప యొకటి తోక నాడించుచు, ముందునకు పోక, వెనుకకు రాక, ఒక్కచోటనే నిలిచి ఈదుచుండును. తేరిపార చూచినచో దానికి రక్తమాంసములు లేవు. లోపల నున్నది చిన్న విద్యుత్ మోటారు. అది యంత్రపు చేప.

తేలెడు లోహమునకును, ఈదెడు యంత్రమునకును పైకి ఏ సంబంధమును కనబడదు. కాని అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రాచార్యురాలైన హిలరీ బార్ట్-స్మిత్ తన పరిశోధనా జీవితమున మొదట లోహపు నురుగును, తరువాత చేపల యీతను చేపట్టెను. ఈ రెంటియందును అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే. తక్కువ లోహముతో ఎక్కువ బరువును మోయుట ఎట్లు? తక్కువ శక్తితో ఎక్కువ దూరము పోవుట ఎట్లు? అనగా, పొదుపు ఎట్లు? ప్రకృతి ఈ విద్యను ఎన్నడో నేర్చినది. మానవుడు ఇప్పుడు నేర్చుకొనుచున్నాడు.

లోహమును నురుగుగా మార్చుట సులభమైన పని కాదు. ఇడ్లీపిండి పులిసి పొంగుట అందరును చూచినదే. పిండిలో పుట్టిన వాయువు బుడగలై బయటికి పోజూచును. చిక్కని పిండి వానిని పోనీయక పట్టి యుంచును. అందుచేత పిండి పొంగును. నీటిలో గొట్టము పెట్టి ఊదినను బుడగలు పుట్టును గాని, అవి క్షణములో పైకి వచ్చి పగిలిపోవును. నీరు పలుచనిదగుటయే ఇందులకు కారణము. అల్యూమినియము 660 డిగ్రీల వేడిమి వద్ద కరగును. కరగిన అల్యూమినియము దాదాపు నీటియంత పలుచగా నుండును. కావున దానిలో పుట్టిన బుడగలు నిలువవు. బుడగలను పుట్టించుట యొక పని. అవి పగులకముందే లోహమును గట్టిపరచుట మరియొక పని.

1948లో బెంజమిన్ సాస్నిక్ అను నతడు నురుగు లోహమును చేయు పద్ధతి యొకదానికి అమెరికాలో పేటెంటు పొందెను. మూసిన పాత్రలో అల్యూమినియముతోపాటు పాదరసమును చేర్చి, అధికమైన ఒత్తిడిలో కాచి, ఒత్తిడిని తగ్గించినచో పాదరసము ఆవిరియై లోహమును పొంగించును. ఉపాయము చక్కనిదే గాని పాదరసపు ఆవిరి విషము. తరువాతి వారు మేలైన మార్గములను వెదకిరి. జపానులో రూపొందిన పద్ధతియందు, కరగిన అల్యూమినియములో నూటికి సుమారు ఒకటిన్నర వంతు కాల్షియమును చేర్చి గాలిలో కలియబెట్టుదురు. అప్పుడు లోహము గంజివలె చిక్కబడును. పిమ్మట టైటానియము హైడ్రైడు అను పొడిని కలుపుదురు. వేడికి ఆ పొడి విడిపోయి హైడ్రోజను వాయువును వదలును. బజ్జీల పిండిలో వంటసోడా చేయు పనినే ఈ పొడి లోహములో చేయును. లోహము పొంగి అచ్చును నింపును. వెంటనే చల్లార్చినచో బుడగలు ఎక్కడివక్కడ నిలిచిపోవును.

ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియము 2.7 గ్రాములు తూగును. ఇట్లు చేసిన నురుగు నాల్గవవంతు గ్రాము మాత్రమే తూగును. అనగా దానిలో పదింట ఒక వంతు కంటె తక్కువ లోహము, తక్కినదంతయు వాయువే. నీటికంటె నాలుగు రెట్లు తేలికయైనది నీటిపై తేలుటలో వింత యేమున్నది?

తేలికయైన వస్తువు బలహీనముగా నుండవలెను గదా యని సందేహము కలుగవచ్చును. ఒక సన్నని పలకను రెండు కొనలవద్ద ఆనించి నడుమ బరువు పెట్టినచో అది క్రిందికి వంగును. వంగినపుడు పలక పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. నడిమి భాగము నొక్కుకొనుటయు లేదు, సాగుటయు లేదు. బరువును మోయునవి ముఖ్యముగా రెండు అంచులే. నడిమి భాగము చేయవలసినది ఆ యంచులను ఒకదానికొకటి దూరముగా నిలిపి యుంచుట మాత్రమే. అట్టి పనికి నిండు లోహము దండుగ. వెదురుబొంగు నడుమ బోలుగా నుండియు గాలివానకు విరుగకుండుటకు ఇదియే రహస్యము. ఇంజనీర్లు రెండు పలుచని రేకుల నడుమ లోహపు నురుగును పొదిగి పలకలు చేయుదురు. అవి అంతే బరువుగల నిండు రేకుకంటె ఎన్నో రెట్లు బిగువుగా నుండును.

మన శరీరములోని ఎముకలును ఇట్టివే. తొడయెముక పైకొనను నిలువున కోసి చూచినచో లోపల సన్నని ఎముక పుల్లల అల్లిక కనబడును. 1866 ప్రాంతమున స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున హెర్మన్ ఫాన్ మాయర్ అను శరీరశాస్త్రవేత్త ఈ యల్లికను పరిశీలించుచుండగా, వంతెనల నిర్మాణమున ఆరితేరిన కార్ల్ కుల్మన్ అను ఇంజనీరు దానిని చూచుట తటస్థించెను. బరువుల నెత్తు యంత్రపు దూలమున ఒత్తిడులు ఏ దారుల వెంట పోవునో తాను గీయు గీతలును, ఎముకలోని పుల్లల వరుసలును ఒక్కతీరున నున్నట్లు అతడు గుర్తించెను. ఒత్తిడి పడుచోటనే ఎముక యున్నది, పడనిచోట లేదు. ఇది ప్రకృతి చూపిన పొదుపు.

అయితే ఎముకలోని అల్లికకును, లోహపు నురుగునకును ఒక భేదము కలదు. ఎముక తనకు కావలసినచోట తానే పెరుగును. నురుగులోని బుడగలు ఎవరి యాజ్ఞకును లోబడక తోచినట్లు పుట్టును. కొన్ని గుండ్రముగను, కొన్ని కోలగను ఉండును. కొన్ని గోడలు తిన్నగను, కొన్ని వంకరగను ఉండును. చక్కని బుడగలను ఊహించుకొని లెక్కవేసిన బలము ఒకటి. పరీక్షించి చూడగా తేలిన బలము మరియొకటి. ఆ బలము లెక్కకంటె చాల తక్కువగా నుండెను. లోపము ఎక్కడ? పైనుండి చూచినచో తెలియదు. కోసి చూచినచో నురుగు చెడిపోవును.

వైద్యులు మనిషిని కోయకయే లోపలి భాగములను చూచుటకు ఎక్స్‌రే యంత్రమును వాడుదురు గదా! బార్ట్-స్మిత్ తోడి పరిశోధకులతో కలసి ఆ యుపాయమునే పన్నెను. నురుగు దిమ్మెను కొంచెము నొక్కి ఎక్స్‌రే చిత్రములు తీయుట. మరికొంచెము నొక్కి మరల తీయుట. ఇట్లు ఏ యర ఎప్పుడు నలిగినదో వారు ఒక్కొక్కటిగా కనుగొనిరి. ఈ పరిశోధన 1998లో ప్రకటింపబడెను. దిమ్మె అంతయు ఒక్కసారిగా నలుగదు. ఒక్క అర మందముగల సన్నని పట్టీ మొదట కూలును. తక్కిన భాగము చెక్కుచెదరక నిలుచును. ఆ పట్టీలో కూలిన అరలు పెద్దవియే యై యుండునని ఎవరైన అనుకొందురు. కాని కూలుటకు కారణము పరిమాణము కాదు. ముఖ్యముగా కోలగా నున్న అరలు కూలెను; గుండ్రనివి నిలిచెను. ఎంత పెద్ద బుడగ యనునది కాక, ఎట్టి యాకారముగల బుడగ యనునదే ముఖ్యమని దీనివలన తెలిసెను. బలమైన నురుగు కావలెనన్నచో బుడగలను చిన్నవిగా చేయుట చాలదు. వాని రూపమును సరిదిద్దవలెను.

ఇట్లు పట్టీ తరువాత పట్టీగా నలుగుటలో ఒక మేలు కూడ కలదు. నిండు లోహమును గుద్దినచో దెబ్బ అంతయు అవతలివైపునకు పోవును. నురుగును గుద్దినచో ఒక్కొక్క వరుస కూలుచు దెబ్బలోని శక్తిని తానే మ్రింగును. అరలన్నియు నలిగిపోవు వరకు అవతలివైపునకు పోవు ఒత్తిడి పెద్దగా పెరుగదు. రాతిపై పడిన గ్రుడ్డు పగులును. దూదిపై పడిన గ్రుడ్డు నిలుచును. వాహనములు ఢీకొన్నప్పుడు లోపలివారి ప్రాణములను కాపాడుటకు ఇట్టి గుణము ఎంత యక్కరకు వచ్చునో ఊహింపవచ్చును. తాను నలిగి ఇతరులను కాపాడుట ఈ లోహపు ధర్మము.

తక్కువ లోహముతో పని జరుపుకొను మార్గమిది. ఇక తక్కువ శక్తితో పయనించు మార్గమును చూతము. సముద్రగర్భమున తిరుగు యంత్రములకు ఈ పొదుపు చాల అవసరము. నేలపై బండికి దారిలో నూనె పోయవచ్చును. నీటి అడుగున ఒంటరిగా పోవు యంత్రము తన బ్యాటరీలో ఎంత శక్తి యున్నదో అంతతోనే పని ముగించుకొని రావలెను. బ్యాటరీని పెద్దది చేసినచో బరువు పెరుగును. బరువు పెరిగినచో మరింత శక్తి కావలెను. పైగా, నీటిలో తిరుగు రెక్కల మర చప్పుడు చేయును, నాచులో చిక్కుకొనును. జలచరములను బెదరింపక వాని నడవడిని చూడవలెనన్నను, సముద్రపు అడుగును దీర్ఘకాలము పరీక్షింపవలెనన్నను చేపవలె ఈదు యంత్రము మేలు.

చేప ముందునకు ఎట్లు పోవును? పడవ నడుపువాడు తెడ్డుతో నీటిని వెనుకకు త్రోయును. నీరు పడవను ముందునకు త్రోయును. న్యూటను చెప్పిన చర్య, ప్రతిచర్యల సూత్రమిదే. చేప తోకతో ఆ పనియే చేయును. తోకను ఒక ప్రక్కకు కొట్టినపుడు ఒక సుడి పుట్టి వెనుకకు జారును. రెండవ ప్రక్కకు కొట్టినపుడు మొదటిదానికి వ్యతిరేకముగా తిరుగు మరియొక సుడి పుట్టును. ఇట్లు చేప వెనుక సుడులు రెండు వరుసలుగా ఏర్పడును. ఆ రెండు వరుసల నడుమ నీరు ధారగా వెనుకకు చిమ్మబడును. ఆ ధారయే చేపను ముందునకు నెట్టును.

ఏటిలో పాతిన గుంజ వెనుకను ఇట్టి సుడులు రెండు వరుసలు కనబడును. 1911, 1912 సంవత్సరములలో థియొడోర్ ఫాన్ కార్మన్ అను శాస్త్రజ్ఞుడు వీనిని గణితముతో వివరించెను. గుంజ వెనుకటి సుడులు చేప వెనుకటి సుడులకు వ్యతిరేకముగా తిరుగును. అందుచే అవి గుంజను వెనుకకు లాగును. సుడి అదియే, తిరుగు దిక్కు మారినచో ఆటంకము సహాయమగును.

తోక ఎంత వేగముగా ఆడవలెను? ఎంత వెడల్పున ఆడవలెను? ఇందులకు ఒక చిన్న లెక్క కలదు. సెకనుకు తోక ఎన్నిసార్లు ఆడునో ఆ సంఖ్యను తోక ఆడు వెడల్పుచే గుణించి, చేప వేగముచే భాగింపవలెను. ఒక చేప సెకనుకు ఒక మీటరు వేగముతో పోవుచున్నదనుకొనుడు. దాని తోక సెకనుకు మూడుసార్లు, పది సెంటీమీటర్ల వెడల్పున ఆడుచున్నచో, లెక్క 0.3 అగును. గాలికి తీగలు పాడుటను 1878లో పరిశోధించిన స్ట్రౌహాల్ అను చెక్ శాస్త్రజ్ఞుని పేరిట దీనిని స్ట్రౌహాల్ సంఖ్య యందురు. చేపలు, డాల్ఫినులు మాత్రమే కాక, పక్షులు, గబ్బిలములు, కీటకములు కూడ సాఫీగా పయనించునపుడు ఈ సంఖ్య సాధారణముగా 0.2 నుండి 0.4 వరకు ఉండునని 2003లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. నీటిలోని జీవికిని, గాలిలోని జీవికిని పొదుపు సూత్రము ఒక్కటియే.

చేపల యీతను గూర్చిన పరిశోధనలో ఒక లెక్క చాల కాలము శాస్త్రజ్ఞులను వేధించెను. హిందూ మహాసముద్రమున పోవుచున్న ఒక ఓడ ప్రక్కగా డాల్ఫిను ఒకటి వెనుక కొననుండి ముందు కొనకు ఏడు సెకనులలో దాటిపోయినట్లు ఒకరు చూచి తెలిపిరి. దాని వేగము సెకనుకు సుమారు పది మీటర్లు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవేత్త జేమ్స్ గ్రే 1936లో దీనిని ఆధారముగా గైకొని లెక్కవేసెను. అంత వేగమునకు డాల్ఫిను కండరములకు ఉండదగిన బలమునకు ఏడు రెట్లు కావలసివచ్చెను. లేని బలము ఎక్కడనుండి వచ్చును? డాల్ఫిను చర్మములో ఏదో మహిమ యుండి, నీటి రాపిడిని తగ్గించుచున్నదని పలువురు తలంచిరి. ఆ మహిమను వెదకుచు దశాబ్దములు గడచెను.

తరువాత తెలిసినదేమనగా, లెక్కలోనే చిక్కున్నది. గ్రే మహాశయుడు కండరముల బలమును చాలసేపు ఎడతెగక పనిచేయు వారినిబట్టి అంచనా కట్టెను. డాల్ఫిను చేసినదో, ఏడు సెకనుల పరుగు. నూరు గజముల పందెమున పరుగెత్తువాని వేగముతో పది మైళ్లు పరుగెత్తగలవాడు లేడు గదా! కొంచెము సేపైనచో కండరములు ఎక్కువ బలమును చూపగలవు. పైగా ఆయన డాల్ఫినును వంగని కొయ్యబొమ్మవలె భావించి రాపిడిని గణించెను. తుదకు అమెరికా పరిశోధకులు సన్నని గాలిబుడగల తెర గుండ డాల్ఫినులను ఈదించి, బుడగలు కదలిన తీరును చిత్రములు తీసి, అవి నీటిని త్రోయు బలమును నేరుగా కొలిచిరి. 2014లో ప్రకటితమైన ఈ కొలతల ప్రకారము, డాల్ఫినునకు కావలసిన బలము దాని కండరములలోనే కలదు. మహిమ యేదియు అక్కరలేదు.

అంతమాత్రమున గ్రే మహాశయుని శ్రమ వ్యర్థమనరాదు. ఆ ప్రశ్న లేకున్నచో చేపల యీతను ఇంత శ్రద్ధగా పరిశీలించువారు ఉండెడివారు కారేమో! ఆ ప్రశ్నచే ప్రేరితులైన వారిలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన మైకేల్ ట్రయాంటఫిలూ ఒకడు. సముద్రములలో వేగమునకు పేరుపొందిన ట్యూనా చేపను అతని బృందము నమూనాగా గైకొనెను. ఈ జాతి చేపలను మన కోస్తా జాలరులు సూర అందురు. 1995 నాటికి రోబోట్యూనా అను యంత్రపు చేప సిద్ధమాయెను. దాని పొడవు నాలుగడుగులకు పైబడి యుండెను. వెన్నెముకవలె కీళ్లు, కండరములవలె లాగు తీగలు, వానిని నడుపుటకు మోటార్లు, పైన సాగెడు గుడ్డ చర్మము అమర్చిరి. అది స్వేచ్ఛగా ఈదలేదు. తొట్టిపై నడచు బండికి వ్రేలాడుచు, తోక ఎట్లు ఆడినపుడు ఎంత శక్తి ఖర్చగునో తెలుపు పరీక్షా సాధనముగా మాత్రమే పనిచేసెను.

చేప తాను పుట్టించిన సుడులనే కాక, ఇతరములు పుట్టించిన సుడులను కూడ వాడుకొనును. ప్రవాహమున ఒక గుంజను నిలిపి, దాని వెనుక ట్రౌట్ అను చల్లని యేళ్ల చేపను ఈదనిచ్చి పరిశోధకులు చూచిరి. ఆ చేప సుడుల నడుమ మెలికలు తిరుగుచు, అతి తక్కువగా కండరములను వాడుచు నిలువగలిగెనని 2003లో వారు ప్రకటించిరి. 2006లో తెలిసిన సంగతి మరింత వింతయైనది. చచ్చిన ట్రౌట్ చేపను గుంజ వెనుకటి సుడులలో నుంచగా, దాని మెత్తని శరీరము సుడులకు అనుగుణముగా ఊగుచు ప్రవాహమునకు ఎదురుగా ముందునకు సాగెను! ప్రాణము లేదు, ప్రయత్నము లేదు. వంగుటకు అనువైన శరీరము మాత్రము కలదు. ప్రవాహములోని శక్తియే దానిని నడిపించెను.

ఈ ప్రయోగము ఇంజనీర్లకు పెద్ద పాఠము. యంత్రము గట్టిగా, బిర్రుగా నుండవలెనని వారు తరతరములుగా నమ్మియుండిరి. చేప దానికి విరుద్ధమైన సంగతిని చెప్పుచున్నది. మసాచుసెట్స్ సంస్థలోనే రాబర్ట్ కాట్జ్‌ష్మన్, డానియేలా రస్ మొదలగువారు సిలికోను రబ్బరు తోకగల మెత్తని యంత్రపు చేపను చేసిరి. లోపలి పంపు తోకలోని రెండు గదులలోనికి మార్చి మార్చి నీటిని నెట్టగా తోక ఇటునటు వంగును. ఫిజీ దీవుల పగడపు దిబ్బల నడుమ, 18 మీటర్ల లోతు వరకు, అది అచ్చటి చేపల దరినే ఈది చిత్రములు తీసెను. 2018లో ఈ వార్త వెలువడెను.

మెత్తదనము ఎంత మేలు చేయునో అంకెలతో నిరూపించినవారు బార్ట్-స్మిత్ బృందమువారు. 2019లో వారు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు జార్జ్ లాడర్ బృందముతో కలసి ట్యూనాబాట్ అను యంత్రపు చేపను ప్రకటించిరి. పొడవు 25 సెంటీమీటర్లు. తోక సెకనుకు 15 సార్లు ఆడును. సెకనులో తన పొడవునకు నాలుగు రెట్ల దూరము పోవును. అంతవరకు వచ్చిన యంత్రపు చేపలలో అనేకములు సెకనుకు మూడుసార్ల కంటె ఎక్కువ తోక ఆడింపలేకుండెను. చిన్న బ్యాటరీ గలదనుకొని వారు వేసిన లెక్కలో, నెమ్మదిగా పోయినచో ఇది తొమ్మిది కిలోమీటర్లు, వేగముగా పోయినచో నాలుగు కిలోమీటర్లు పోగలదని తేలెను. తొందరకు వెల యెంతయో ఈ లెక్క చెప్పుచున్నది.

తరువాత వారు అంతే పొడవుగల మరియొక చేపను చేసి, దాని వెనుక భాగమున కీళ్లను పెంచుచు మూడు తీరులుగా పరీక్షించిరి. మోటారు ఒక్కటియే, మారినది వంగు గుణము మాత్రమే. 2021లో ప్రకటితమైన ఫలితము గమనింపదగినది. వంగుట పెరిగినకొలది వేగము పెరిగెను. కనీస శక్తివ్యయము సగమునకు పైగా తగ్గెను. అన్నిటికంటె ఎక్కువగా వంగెడు చేప సెకనుకు ఎనిమిదిసార్లు మాత్రమే తోక నాడించి, తన పొడవునకు నాలుగున్నర రెట్లకు పైగా దూరము పోయెను. మునుపటి చేప పదునైదు దెబ్బలతో చేయలేని పనిని ఇది ఎనిమిదింటితో చేసెను. పూర్వపు యంత్రపు చేపలలో పెక్కింటికి నిజమైన ట్యూనా కంటె పది రెట్లు మొదలు పదివేల రెట్లు వరకు శక్తి ఖర్చగుచుండెను. దీనికైన ఖర్చు సుమారు మూడు రెట్లకు లోబడియే యుండెను.

అయినను, మెత్తదనమే సర్వమని తలంచుటయు పొరపాటు. అదే సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమున జరిగిన మరియొక పరిశోధనలో, తోక బిగువును ఈదుచుండగనే మార్చుటకు వీలుగా కృత్రిమమైన స్నాయువును అమర్చిరి. నెమ్మదిగా పోవునపుడు తోక వదులుగను, వేగము హెచ్చినపుడు బిగువుగను ఉండవలెనని తేలెను. బిగువు మారని చేపతో పోల్చగా దీని శక్తివ్యయము దాదాపు సగమునకు తగ్గెను. వదులుతనమునకు ఒక వేళ, బిగువునకు ఒక వేళ కలదు. ఏ వేళకు ఏది తగునో ఎరుగుటయే నేర్పు.

పొడవుననో, రంగుననో చేపను అనుకరించిన యంత్రము చేప కాజాలదు. గుల్లగా నున్నంత మాత్రమున లోహపు దిమ్మె ఎముక కాజాలదు. నురుగులో అరలు కూలుటకు కారణము వాని పరిమాణము కాదు, ఆకారమని ఎక్స్‌రే చిత్రములు తెలిపెను. డాల్ఫిను వేగమునకు కారణము చర్మపు మహిమ కాదు, కండరముల బలమని బుడగల తెర తెలిపెను. ఈ రెండు చోట్లను మొదట తోచిన సమాధానము తప్పాయెను. ఓపికతో కొలిచి చూచినవారికి నిజము దొరకెను.

నేటికిని ట్యూనా చేప తనను పోలిన యంత్రము కంటె తక్కువ శక్తితోనే ఈదుచున్నది. ఎముక తన బలహీనమైన చోటును తానే పూరించుకొనుచున్నది. నురుగు లోహమునకు ఆ విద్య ఇంకను రాలేదు. నేర్వవలసినది చాల మిగిలియున్నది. చెరువుగట్టున కూర్చున్న బాలునికి చేప తోక ఆడుట రోజును కనబడును. అది సెకనుకు ఎన్నిసార్లు ఆడుచున్నది, ఎంత వెడల్పున ఆడుచున్నది, ఆ సమయములో చేప ఎంత దూరము పోవుచున్నది అని ఒక్కమారు లెక్కింప మొదలిడినచో, ఆ బాలుడు అప్పుడే ఈ పరిశోధనలో అడుగుపెట్టినవాడగును.